టెక్సస్ లేకుల్లో వసంతకాలపు బాస్: ప్లాస్టిక్ వార్మ్ కట్టడం, వదలడం, గుంజడం

ఫిబ్రవరి చివరి వారం నుంచి ఏప్రిల్ నెలాఖరు దాకా ఉత్తర టెక్సస్ లేకుల్లో లార్జ్‌మౌత్ బాస్ అనే పెద్ద నోటి వేటచేప ఒడ్డుకి దగ్గరగా వస్తుంది. పడవ లేనివాళ్లకి పెద్ద చేప అందే అవకాశం ఎక్కువగా ఉండేది ఈ రెండు నెలల్లోనే. దుకాణానికి వెళితే గోడ నిండా రంగురంగుల వార్మ్‌లు, అంటే వానపాములాంటి మెత్తటి ప్లాస్టిక్ ఎరలు, వేలాడుతుంటాయి. కొత్తవాళ్ల డబ్బంతా ఆ రంగుల మీదే పోతుంది. నిజానికి ముందు తేల్చుకోవాల్సింది ఎర నీళ్లలో ఎంత వేగంగా కిందికి దిగాలన్నది. చన్నీళ్లలో బాస్ దేని వెంటా పడదు. ముఖం ముందు నుంచి మెల్లగా జారుతున్నదాన్ని నోరు తెరిచి లోపలికి పీల్చుకుంటుంది. అందుకే మొదట బరువు ఎంచుకోవాలి, తర్వాత వార్మ్ ఆకారం, ఆఖరున రంగు.

ఇక్కడ చెప్పేదంతా డాలస్ చుట్టుపక్కల ఉన్న లూయిస్‌విల్, రే రాబర్ట్స్, లవాన్, గ్రేప్‌వైన్ లేకుల్నీ, తూర్పున గంటన్నర దూరంలోని లేక్ ఫోర్క్‌నీ దృష్టిలో పెట్టుకుని. ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్ వైపు ఉండే మనవాళ్లకి ఇవే దగ్గర. ఒహాయో, మిషిగన్ లాంటి ఉత్తరాది రాష్ట్రాల్లో ఉన్నవాళ్లు ఇదంతా ఇంకా ఆలస్యంగా మొదలవుతుందని లెక్కేసుకోవాలి. ఉష్ణోగ్రత అంకెలు మాత్రం దాదాపు ఇవే.

క్యాలెండర్ కాదు, థర్మామీటర్

అక్వేరియంలో వాడే చవక థర్మామీటర్‌కి తాడు కట్టి రెండు మూడు అడుగుల లోతుకి దించండి. ఒక నిమిషం ఆగి చూడండి. పైపైన నీళ్లు ఎండకి మధ్యాహ్నానికి నాలుగైదు డిగ్రీలు ఎక్కువ చూపిస్తాయి, ఆ అంకెను నమ్మితే మోసపోతాం. అన్నీ ఫారెన్‌హీట్ లెక్కలే.

48 నుంచి 55 వరకు బాస్ ఇంకా లోతు వదలదు. వాగు పాత దారి కోవ్‌లోకి (ఒడ్డు లోపలికి చొచ్చుకెళ్లిన నీటి మూలలోకి) మలుపు తిరిగే చోట, నీళ్లలోకి చొచ్చుకొచ్చిన పాయింట్ల మీద, 8 నుంచి 15 అడుగుల్లో ఉంటుంది. 55 దాటితే కోవ్ లోపలి పాయింట్ల దాకా, నాచు మొదలయ్యే అంచు దాకా వస్తుంది. 60 దగ్గర మగచేపలు రెండు నుంచి నాలుగు అడుగుల నీళ్లలోకి చేరి తోకతో గులకరాళ్ల మీది బురద ఊడ్చి గూడు చేసుకుంటాయి. గుడ్లు పెట్టడం ఎక్కువగా 62 నుంచి 70 మధ్య. ఆ తర్వాత ఆడచేప వెళ్లిపోతుంది, గూటినీ పిల్లల్నీ మగది కాస్తుంది. మన చెరువుల్లో కొర్రమీను తన పిల్లల గుంపుని కాచుకోవడం చూసినవాళ్లకి ఈ మగబాస్ కోపం కొత్తగా అనిపించదు.

అన్ని చేపలూ ఒకేరోజు కదలవు. మార్చి మూడో వారంలో ఒకే లేకులో లోతున ఉన్నవీ, గూడు కట్టేవీ, పని ముగించుకుని తిరిగి పోయేవీ ఉంటాయి. లేకు ఉత్తరపు ఒడ్డున ఉన్న కోవ్‌లు ముందు వెచ్చబడతాయి, ఎందుకంటే వాటికి ఉత్తరపు గాలి అడ్డు, దక్షిణపు ఎండ నేరుగా తగులుతుంది. సీజన్ మొదట్లో అటు వెళ్లండి. ఆనకట్ట రివిట్‌మెంట్ రాళ్లు కూడా పగలు వేడి పీల్చుకుని పక్కనున్న నీళ్లని వెచ్చగా ఉంచుతాయి.

సామాను, క్లుప్తంగా

రెండు రాడ్లు చాలు. ఒకటి 7 అడుగుల మీడియం హెవీ, ఫాస్ట్ యాక్షన్ బెయిట్‌కాస్టింగ్ రాడ్. దానికి 15 పౌండ్ల (లైన్ తెగే బలం ఇది) ఫ్లోరోకార్బన్ లైన్. రెండోది 7 అడుగుల మీడియం స్పిన్నింగ్ రాడ్, 2500 లేదా 3000 సైజు రీలు. దీనికి 10 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన లైన్), చివర 8 పౌండ్ల ఫ్లోరోకార్బన్ ఆరు నుంచి ఎనిమిది అడుగులు. రెండు లైన్లూ కలపడానికి డబుల్ యూని ముడి. హుక్‌కి పాలోమర్ ముడి. ముడి బిగించేముందు ఉమ్మితో తడపడం మర్చిపోకండి. పొడిగా బిగిస్తే ఒరిపిడి వేడికి ఫ్లోరోకార్బన్ దెబ్బతిని, పెద్ద చేప గుంజినప్పుడు సరిగ్గా అక్కడే తెగుతుంది. లైన్ కొస పంది తోకలా మెలి తిరిగి ఉంటే పోయింది ముడి దగ్గరేనని అర్థం.

ఒక్క రాడ్ మాత్రమే కొనగలిగితే స్పిన్నింగ్‌దే కొనండి. బెయిట్‌కాస్టర్‌కి అలవాటు కావాలి, గాలిలో లైన్ చిక్కుపడుతూ ఉంటే నేర్చుకోవాల్సిన అసలు పని మరుగున పడుతుంది.

బరువులకి సీసం కంటే టంగ్‌స్టన్ మేలు. అదే బరువుకి సైజు చిన్నది. గట్టి లోహం కాబట్టి అడుగున రాయి ఉందా, బురద ఉందా అన్నది చేతికి తెలుస్తుంది. ఖరీదు ఎక్కువే. అందుకే ముళ్లకంపల్లో పోగొట్టుకునే చోట సీసం, ఖాళీ రాతి నేల మీద టంగ్‌స్టన్ వాడుకోవచ్చు.

టెక్సస్ రిగ్

రిగ్ అంటే హుక్, బరువు, ఎర కలిపి కట్టే తీరు. పేరే చెబుతోంది, ఇది ఇక్కడి పద్ధతి. హుక్ మొన వార్మ్ ఒంట్లోనే దాగి ఉంటుంది కాబట్టి నాచులోంచి, మునిగిన కొమ్మల్లోంచి చిక్కుకోకుండా వస్తుంది. వసంతంలో బాస్ ఉండేది సరిగ్గా అలాంటి చోటే.

ముందు లైన్‌కి రబ్బరు బాబర్ స్టాప్ (బరువు పైకి జారకుండా ఆపే చిన్న పూస) ఎక్కించాలి. తర్వాత బుల్లెట్ వెయిట్, దాని మొన రాడ్ వైపు ఉండేలా. ఆఖరున హుక్ కట్టాలి. ఆరు అంగుళాల సన్నని వార్మ్‌కి 3/0 సైజు, లావుగా ఉండే క్రా (రొయ్యలాంటి క్రాఫిష్ ఆకారపు ఎర) లేదా బ్రష్ హాగ్ లాంటి ఎరకి 4/0 ఆఫ్‌సెట్ హుక్, అంటే కంటి కింద మెట్టులాంటి వంపు ఉన్నది. లావు ఎరకి వెడల్పు వంపు ఉన్న హుక్ తప్పనిసరి. హుక్ వంపుకీ, మొనకీ మధ్య ప్లాస్టిక్ నిండిపోతే చేప నోట్లో మొన బయటకి రావడానికి చోటు ఉండదు.

హుక్ మొనను వార్మ్ ముక్కుకి సరిగ్గా మధ్యలో పావు అంగుళం లోపలికి గుచ్చి, పక్క నుంచి బయటకి తీయండి. హుక్ అంతా లాగి, ముక్కు హుక్ కంటి దాకా, ఆ మెట్టులాంటి వంపు మీద కూర్చునేలా పైకి జరపండి. హుక్‌ని సగం తిప్పితే మొన వార్మ్ వైపు తిరుగుతుంది. ఇప్పుడు తొందరపడకండి. వార్మ్‌ని నిటారుగా వేలాడదీసి, హుక్ వంపు ఎక్కడ తగులుతుందో చూసి, ఆ చోటుని గోటితో గుర్తు పెట్టుకోండి. వార్మ్‌ని కొద్దిగా వంచి, అక్కడ అడ్డంగా గుచ్చి రెండో వైపు మొన తేలేలా తీయండి. మొన వార్మ్ వీపు మీద పడుకుని ఉండాలి. ఆఖరున పై చర్మంలోకి ఆ మొనని ఒక్క పిసరు దాచండి.

పట్టుకుని చూస్తే వార్మ్ గీత గీసినట్టు తిన్నగా ఉండాలి. మధ్యలో కుంచించుకుపోయి ఉంటే గుచ్చిన చోటు తోక వైపుకి ఎక్కువగా వెళ్లిందన్నమాట. వంకరగా ఉంటే నీళ్లలో గిరగిరా తిరుగుతుంది, లైన్ మెలి పడుతుంది, బాస్ ముట్టుకోదు. మళ్లీ తీసి గుచ్చండి, ఆ అర నిమిషానికి సందేహించకండి.

బరువు ఇలా ఎంచుకోండి. నాలుగు అడుగుల లోపు నీళ్లకి 1/8 ఔన్స్. నాలుగు నుంచి పది అడుగులకి 3/16 లేదా 1/4. గాలి బాగా వీస్తున్నా, నాచు దట్టంగా ఉన్నా 3/8. అనుమానం ఉంటే తేలికదే తీసుకోండి. నీటి వేడి 58 కంటే తక్కువ ఉన్నప్పుడు 3/8 కట్టుకుని రెండడుగుల నీళ్లలో వేసేవాళ్లు చాలామంది కనిపిస్తారు. ఎర రాయిలా పడిపోతుంది, చేప చూసేలోపే అడుగున ఉంటుంది.

నాచు, కొమ్మల్లో బాబర్ స్టాప్‌ని బరువుకి ఆనించి బిగించాలి. లేకపోతే బరువు కొమ్మకి ఒక వైపు, వార్మ్ ఇంకో వైపు వేలాడతాయి. ఖాళీ నేల మీద స్టాప్ పైకి జరిపేయండి. బరువు ముందు పడి, వార్మ్ వెనక నుంచి నిదానంగా వాలుతుంది. ఆ వాలడం చూసే చేప ఎరని అందుకుంటుంది.

ఎర వేశాక లైన్‌ని పూర్తిగా బిగించి ఉంచితే అది లోలకంలా మీ వైపుకి ఊగుతూ వస్తుంది, నిలువుగా దిగదు. పూర్తిగా వదిలేస్తే చేప అందుకున్నా తెలియదు. రాడ్ కొనని ఎర దిగే వేగంతో పాటే కిందికి దించుతూ, లైన్ కొద్దిగా వదులుగా ఉంచండి. కళ్లు లైన్ నీళ్లలోకి దిగే చోట పెట్టండి. వసంతంలో చేప అందుకోవడం చేతికి తెలిసేలోపు లైన్‌లో కనిపిస్తుంది. చిన్న ఎగురు, పక్కకి జరగడం, లేదా ఆరడుగుల లోతుకి దిగాల్సిన లైన్ మూడడుగులకే ఆగిపోవడం. మూడోదాన్ని ఎక్కువమంది గమనించరు.

అడుగుకి చేరాక రాడ్‌ని గడియారంలో 9 నుంచి 11 దాకా నెమ్మదిగా ఎత్తి, అర అడుగో అడుగో జరిపి, కొన దించి, వదులు లైన్ చుట్టుకోండి. నీళ్లు 55 లోపు ఉంటే ప్రతి జరుపుకీ పది సెకన్లు ఆగాలి. 65 దాటితే మూడు సెకన్లు చాలు. కొమ్మకి తగిలితే వెంటనే లాగేయకండి. ఆ కొమ్మ మీదే మూడు నాలుగు సార్లు మెల్లగా కదిపి, దాటించి, కిందికి వదలండి. ఎక్కువ చేపలు ఆ దాటిన క్షణంలోనే పడతాయి.

గుంజడం: ముందు వదులు లైన్ చుట్టండి, రాడ్ కొన చేప వైపు దించండి, అప్పుడు రెండు చేతులతో బలంగా పైకి ఎత్తండి. హుక్ ముందు ప్లాస్టిక్‌ని చీల్చాలి, తర్వాత దవడలో దిగాలి. మణికట్టు తిప్పుతో ఈ పని కాదు. లైన్ వదులుగా ఉండగా గుంజితే బలమంతా ఆ వదులు లాగడానికే సరిపోతుంది. చేపలు సగం దాకా వచ్చి తప్పించుకుంటున్నాయంటే కారణం ఎక్కువగా ఇదే, లేదా హుక్ మొన మొద్దుబారి ఉంటుంది. మొనని గోరు మీద జారించి చూడండి. జారిపోతే మార్చేయాలి, గీరుకుంటే సరే.

తోక మాత్రమే తెగి వస్తోందంటే తెంపుతున్నవి చిన్న బాస్‌లో, బ్లూగిల్ అనే చిన్న జాతి చేపలో. ఎర సైజు నాలుగు అంగుళాలకి తగ్గించండి, లేదా అక్కడినుంచి కదలండి.

వాకీ రిగ్: ఒడ్డు మీది నుంచి వేసేవాళ్లకి అన్నిటికంటే సులువు

గ్యారీ యమమోటో సెంకో అనే ఐదంగుళాల వార్మ్ చూడ్డానికి ఏమీ ఉండదు. తోక ఆడదు, కాళ్లు ఉండవు, పెన్సిల్‌లాంటి ముక్క. దాని ఒంట్లో ఉప్పు బాగా కలిపి ఉంటుంది కాబట్టి బరువు కట్టకుండానే దిగుతుంది, దిగేటప్పుడు రెండు కొసలూ సన్నగా వణుకుతాయి. నీళ్లు 58 నుంచి 72 మధ్య ఉన్నప్పుడు, లోతు ఆరడుగుల లోపు ఉన్నచోట, దీన్ని మించింది దొరకడం కష్టం.

వార్మ్ మధ్యకి రబ్బరు ఓ-రింగ్ తొడగండి. దీనికి చిన్న గొట్టంలాంటి పనిముట్టు దొరుకుతుంది. రింగ్ కింద సైజు 1 లేదా 1/0 వాకీ హుక్ దూర్చండి. రింగ్ లేకుండా నేరుగా వార్మ్‌కే గుచ్చితే రెండో చేపకి తెగిపోయి నీళ్లలో పడుతుంది. కొమ్మలున్న చోట వీడ్ గార్డ్ (మొనకి అడ్డుగా ఉండే సన్న తీగ) ఉన్న హుక్ వాడండి, ఎందుకంటే ఇక్కడ మొన బయటే ఉంటుంది.

డాక్ స్తంభం పక్కనో, నాచులో ఉన్న ఖాళీలోనో, మునిగిన చెట్టు మొదట్లోనో వేసి, ఏమీ చేయకండి. వదులు లైన్‌తో కిందికి దిగనివ్వండి. దిగాక ఐదు నుంచి పది సెకన్లు ఆగండి. రాడ్‌తో ఒక అడుగో రెండడుగులో పైకి లేపి మళ్లీ వదలండి. మూడోసారి వదిలాక కూడా తగలకపోతే చుట్టేసి, రెండడుగుల పక్కన వేయండి. మధ్యలో ఊరికే కదపాలని చేతికి దురద పుడుతుంది, దాన్ని ఆపుకోవాలి.

చేప అందుకున్నట్టు కనిపిస్తే టెక్సస్ రిగ్‌లా గుంజకండి. వదులు చుట్టి, రాడ్‌ని పక్కకి ఒత్తి, చుడుతూ ఉండండి. సన్నని హుక్ తనంతట తానే నోటి మూలలో దిగుతుంది. బలంగా గుంజితే హుక్ తెరుచుకుపోతుంది, లేదా 8 పౌండ్ల లైన్ తెగుతుంది. ఇంకో చిక్కు: ఆలస్యం చేస్తే చేప ఎరని మింగేస్తుంది, హుక్ గొంతులో పడుతుంది. లైన్ కదిలిన వెంటనే చుట్టడం మొదలుపెట్టాలి. గొంతులో పడ్డ హుక్ మొప్పల వైపు నుంచి సన్న పటకారుతో తిప్పి తీయగలిగితే తీయండి. రక్తం వస్తుంటే లైన్‌ని హుక్ దగ్గరకి కత్తిరించి వదిలేయడం చేపకి మంచిది.

ఈ రిగ్ చుట్టేటప్పుడు తిరుగుతూ వస్తుంది కాబట్టి లైన్ మెలి పడుతుంది. ఎర పడ్డాక బెయిల్‌ని (రీలు మీద లైన్‌ని పట్టే తీగని) హ్యాండిల్ తిప్పి కాక, చేత్తో మూసి, లైన్‌ని ఒకసారి లాగి బిగించండి. మెలిలో సగం అక్కడే పోతుంది.

గాలి ఎక్కువై ఎర దిగకపోతే వార్మ్ తలలోకి మేకు ఆకారంలో ఉండే 1/16 ఔన్స్ బరువు గుచ్చండి. అది నెకో రిగ్. తల కిందులుగా దిగి అడుగున నిలబడుతుంది.

లోతు, రాళ్లు, ఖాళీ నీళ్లు

చేప ఇంకా 8 నుంచి 15 అడుగుల్లో ఉంటే, ఎక్కడుందో తెలియకపోతే, కరోలినా రిగ్‌తో వెతకడం మంచిది. 1/2 నుంచి 3/4 ఔన్స్ బరువు, దాని కింద గాజు పూస, పూస కింద స్వివెల్ (గుండ్రంగా తిరిగే లోహపు కొలికి). స్వివెల్ నుంచి రెండు మూడడుగుల 12 పౌండ్ల లీడర్ (హుక్ కట్టే విడి లైన్ ముక్క), 3/0 హుక్, ఆరంగుళాల బల్లి ఆకారపు లిజార్డ్. పూస ముడికి దెబ్బ తగలకుండా కాపాడుతుంది, బరువుతో కొట్టుకుని టిక్కుమనే చప్పుడూ చేస్తుంది. రాడ్‌ని పైకి కాకుండా పక్కకి, నేలకి సమాంతరంగా లాగాలి. గులకరాళ్లు చేతిలో గరగరలాడిన చోట ఆగండి. మెత్తగా జారుతుంటే బురద, అక్కడ ఎక్కువసేపు ఉండనవసరం లేదు. బరువు భారీగా ఉన్నా వార్మ్ మాత్రం లీడర్ పొడవునా ఏ బరువూ లేకుండా తేలుతూ వాలుతుంది, మొదట్లో చెప్పిన నిదానం ఇక్కడ లోతులో దొరుకుతుంది.

రివిట్‌మెంట్ రాళ్ల మీద నెడ్ రిగ్. 1/16 లేదా 1/10 ఔన్స్ పుట్టగొడుగు తల జిగ్ (తలలోనే బరువున్న హుక్), రెండు ముప్పావు అంగుళాల పొట్టి వార్మ్. వేసి, దిగనిచ్చి, మెల్లగా ఈడ్చడమే. జీ-మ్యాన్ కంపెనీ ఎలాజ్‌టెక్ ప్లాస్టిక్ అయితే అడుగున తోక పైకి లేచి నిలబడుతుంది. అది సాగే గుణం వల్ల తల మీది నుంచి జారిపోతుంది, ఒక చుక్క సూపర్ గ్లూ వేయండి. మొన బయటే ఉంటుంది కాబట్టి కంపల్లో మాత్రం వేయకండి. రాళ్ల సందుల్లోనూ చిక్కుతుంది. నిలువుగా దగ్గరికి వెళ్లి లైన్‌ని విల్లులా లాగి వదిలితే సగం సార్లు ఊడి వస్తుంది.

ఏప్రిల్ చివర, మే మొదట్లో నీళ్లు 70 దాటాక షాడ్ చేపలు తెల్లవారుజామున రాళ్ల మీద, డాక్ ఫ్లోట్‌ల పక్కన గుడ్లు పెడతాయి. సూర్యుడు వచ్చి గంట దాటితే ఆ సందడి సద్దుమణుగుతుంది. ఆ గంటలో ఐదంగుళాల తెల్ల ఫ్లూక్ (చిన్న చేప ఆకారపు మెత్తటి ఎర), బరువు లేకుండా, 4/0 హుక్‌తో. రెండు చిన్న కుదుపులు, ఒక విరామం. చేప విరామంలోనే కొడుతుంది. ఈ ఒక్క పనిలో మాత్రం వేగంగా కదలొచ్చు, ఎందుకంటే గుడ్లు పెట్టి అలసిన బాస్ ఆకలితో ఉంటుంది, నీళ్లు వెచ్చగా ఉంటాయి.

గూటి మీద ఉన్న చేప

పోలరైజ్డ్ కళ్లద్దాలు, అంబర్ రంగువి, పెట్టుకుని ఒడ్డున నడుస్తుంటే అడుగున పళ్లెమంత తెల్లటి వలయాలు కనిపిస్తాయి. దాని మీద కదలకుండా ఉన్న నీడ మగచేప. దగ్గర్లో చీకటిలో ఇంకా పెద్ద నీడ ఉంటే అది ఆడది. ఇరవై అడుగుల దూరంలో ఆగండి, మీ నీడ నీళ్ల మీద పడకూడదు.

ఎరని గూటి మీద కాకుండా నాలుగైదు అడుగుల అవతల వేసి, ఈడ్చుకుంటూ గూట్లోకి తేవాలి. నేరుగా మీద పడితే బెదిరిపోతుంది. తెల్లటి క్రా లేదా లిజార్డ్ వాడండి. తెలుపు చేపకి నచ్చుతుందని కాదు, మీకు కనబడుతుందని. గూట్లో ఒకానొక చోట ఎర ఉంటే మాత్రమే చేప తల దించి కోపంగా చూస్తుంది. ఆ చోటు కనిపెట్టి అక్కడే ఉంచి సన్నగా వణికించాలి. చాలాసార్లు తోక పట్టుకుని అవతల పారేస్తుంది. తెలుపు మొత్తం నోట్లో మాయమయ్యేదాకా గుంజకండి.

మీరు వెళ్లగానే పారిపోయి నిమిషంలో తిరిగి వస్తే ఆ చేప పడుతుంది. ఐదు నిమిషాలైనా రాకపోతే వదిలేయండి. టెక్సస్‌లో గూటి మీద చేపని పట్టడం నేరం కాదు. అయితే మగచేప పక్కకి పోయిన నిమిషాల్లోనే బ్లూగిల్ గుంపు వచ్చి గుడ్లు తినేస్తుంది. పడితే ఫోటో త్వరగా తీసి, పట్టిన చోటే వదలాలి. బకెట్‌లో వేసుకుని పార్కింగ్ దాకా తీసుకెళ్లి చూపించి తిరిగి తెస్తే అప్పటికి ఆ గూడు ఖాళీ. నా లెక్కలో, బ్లూగిల్ చుట్టూ గుమిగూడి కాచుకుని ఉన్న గూటిని అసలు ముట్టుకోకుండా ముందుకి పోవడమే సరైన పని.

ఉత్తరపు గాలి వచ్చిన మర్నాడు

వసంతంలో టెక్సస్‌లో వారానికోసారి చలిగాలి దిగుతుంది. ముందురోజు మబ్బు, దక్షిణపు గాలి, వెచ్చదనం, చేపలు విపరీతంగా తింటాయి. గాలి మళ్లాక ఆకాశం నీలంగా మెరుస్తుంది, నీళ్లు ఐదారు డిగ్రీలు పడిపోతాయి. ఇక్కడి లేకుల్లో ఫ్లోరిడా జాతి బాస్‌ని దశాబ్దాలుగా వదులుతున్నారు. అవి పెద్దవిగా పెరుగుతాయి, చలికి మాత్రం తొందరగా ముడుచుకుంటాయి. చేప ఎక్కడికీ పోదు. ఉన్న కొమ్మకే, ఉన్న నాచుకే ఇంకా అతుక్కుంటుంది, లేదా దగ్గర్లోని మొదటి లోతుకి ఒక మెట్టు దిగుతుంది. ముందురోజు వేసిన చోటే, బరువు సగానికి తగ్గించి, ఎర సైజు తగ్గించి, ఆగే సమయం రెట్టింపు చేయండి. పొద్దున్నే వెళ్లి చలికి వణకనక్కర్లేదు. మధ్యాహ్నం రెండు తర్వాత ఎండ పడ్డ రాళ్ల దగ్గర మొదలుపెట్టండి.

వాన పడి నీళ్లు ఎర్రగా మారితే లవాన్ లాంటి చోట్ల అరడుగు లోతు కూడా కనిపించదు. అప్పుడు చేప కంటితో కాక, ఒంటి పక్కన ఉండే స్పర్శ గీతతో నీటి కదలికని పసిగడుతుంది. సన్న వార్మ్ పక్కన పెట్టి, రెండు పెద్ద చేతులు కొట్టుకునే క్రా ఆకారం, నలుపు-నీలం రంగు వాడండి. ఎరని కొమ్మకి ఆనుకునేంత దగ్గరగా వేయాలి. తేటనీళ్లకి గ్రీన్ పంప్‌కిన్ లేదా వాటర్‌మెలన్. సగం తేట, సగం మసకగా ఉన్న నీళ్లకి జూన్‌బగ్ (ముదురు ఊదా). క్రాఫిష్ బయటకొచ్చే ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఎర్ర ఛాయ ఉన్నది ఒకటి. రంగుల గురించి ఇంతకంటే తెలియాల్సింది పెద్దగా లేదు.

లైసెన్సు, కొలబద్ద, పులుసు

17 ఏళ్లు నిండినవాళ్లకి టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ లైసెన్సు కావాలి. ఆర్నెల్లుగా రాష్ట్రంలో ఉంటున్నవాళ్లకి ఫ్రెష్‌వాటర్ ప్యాకేజీ 30 డాలర్లు. మామూలు లైసెన్సు ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో ముగుస్తుంది. స్టేట్ పార్కు ఒడ్డునో పియర్ మీదో వేస్తే లైసెన్సు అక్కర్లేదు, ప్రవేశ రుసుము చాలు. రే రాబర్ట్స్, టవాకొనీ పార్కులు ఇందుకు అనువు. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలని తీసుకెళ్లాలంటే ఇది మంచి దారి.

లార్జ్‌మౌత్‌కి రాష్ట్రమంతటా మామూలు నియమం 14 అంగుళాల కనీస పొడవు, రోజుకి ఐదు. కొన్ని లేకులకి వేరే నియమాలున్నాయి. లేక్ ఫోర్క్‌లో 16 నుంచి 24 అంగుళాల మధ్య ఉన్న చేపని తప్పనిసరిగా వదలాలి, 24 అంగుళాలు, ఆ పైన ఉన్నది రోజుకి ఒక్కటే ఉంచుకోవచ్చు. బయల్దేరేముందు ఆ లేకు పేరు మీద నియమాలు చూసుకోండి. ఆ కట్టుబాట్ల ఫలితం ఉంది. రాష్ట్ర రికార్డు, 18.18 పౌండ్ల బాస్, 1992 జనవరిలో లేక్ ఫోర్క్‌లోనే పడింది. పడింది ప్లాస్టిక్‌కి కాదు, క్రాపీ అనే వేరే చేప కోసం వేసిన బతికున్న చిన్న చేపకి! జనవరి 1 నుంచి మార్చి 31 మధ్య 13 పౌండ్లు దాటిన చేప పడితే పిల్లలు పెట్టించడానికి రాష్ట్రం నడిపే షేర్‌లంకర్ కార్యక్రమం వాళ్లు తీసుకుంటారు. వాళ్లకి ఫోన్ చేసి, అప్పటిదాకా చేపని నీళ్లలోనే ఉంచండి.

పెద్ద బాస్‌ని కింది దవడ ఒక్కటే పట్టుకుని అడ్డంగా వేలాడదీస్తే దవడ కీలు దెబ్బతింటుంది. రెండో చెయ్యి తడిపి పొట్ట కింద పెట్టండి. తినడానికైతే చట్టం అనుమతించిన చిన్నవాటిని ఉంచుకోవచ్చు, కానీ పులుసుకి అదే లేకులో దొరికే క్యాట్‌ఫిష్ రుచి. కాడో లేక్ లాంటి తూర్పు టెక్సస్ లేకుల్లో బాస్‌లో పాదరసం గురించి ఆరోగ్య శాఖ హెచ్చరికలు ఉన్నాయి, గర్భిణులకీ పిల్లలకీ పెట్టేముందు అవి చూసుకోవాలి.

మార్చి ఎండకి ఒడ్డున కాటన్‌మౌత్ పాములు రాళ్ల మీదికి వస్తాయి. గడ్డిలోకి చెప్పులతో దిగకండి. కయాక్ తీసుకెళ్తే ఇంటికి బయల్దేరేముందు లోపలి నీళ్లన్నీ అక్కడే ఒంపేయాలి. జీబ్రా మజిల్ అనే ఆల్చిప్ప ఇంకో లేకుకి పాకకుండా పెట్టిన చట్టం ఇది.

చిరిగిన వార్మ్‌లు నీళ్లలో పారేయకండి. బాస్ వాటిని మింగితే కడుపులో ఉబ్బి అరగకుండా ఉండిపోతాయి. ఒక జిప్ సంచి జేబులో ఉంచుకుని అందులో వేసుకోండి. మిగిలిన కొత్తవాటిని వచ్చిన ప్యాకెట్లలోనే దాచండి. రంగులు కలిపి ఒకే డబ్బాలో వేస్తే వారంలో ఒకదాని రంగు ఇంకోదానికి అంటుతుంది. ఎలాజ్‌టెక్ రకం వేరే ప్లాస్టిక్‌తో తగిలితే రెండూ కరిగి జిగురు ముద్ద అవుతాయి. మామూలు వార్మ్‌లు కారు వెనక డిక్కీలో ఏప్రిల్ ఎండకి వంకర పోతే, ఒక గిన్నెలో వేడినీళ్లు పోసి పది సెకన్లు ముంచి, బల్ల మీద తిన్నగా పరిచి చల్లారనివ్వండి. మళ్లీ తిన్నగా అవుతాయి.